కాగితం, చూపు: వలస మీద డాక్యుమెంటరీలు చూసి నేర్చుకోవడం ఎలా

హైదరాబాద్‌లో వలసతో సంబంధం లేని ఇల్లు దొరకడం కష్టం. మీ అన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు, పక్కింటాయన సగం జీవితం దుబాయ్‌లో గడిపి వచ్చి ఉంటారు, మీ అపార్ట్‌మెంట్ కట్టిన కూలీలు ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి ఉంటారు, టోలిచౌకి పారామౌంట్ కాలనీ వైపు వెళ్తే ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు కనిపిస్తారు, బాలాపూర్‌లో బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉంటున్నాయి. ఇంత ఉన్నా మనం మాట్లాడుకునేది మాత్రం వీసా సంగతే. లాటరీలో పేరు వచ్చిందా, స్టాంపింగ్ అయిందా, గ్రీన్‌కార్డు క్యూలో మన వంతు చెప్పే ప్రయారిటీ డేట్ కదిలిందా. ఒక దేశం ఒక మనిషిని ఎప్పుడు తనవాడు అనుకుంటుంది, ఎందుకు కాదంటుంది, ఆ నిర్ణయంలో ఒంటి రంగుకి ఎంత వాటా ఉంది అన్న మాటలు మన డ్రాయింగ్ రూముల్లోకి రావు. ఏదైనా ఘోరం జరిగినప్పుడు వార్త చూసి రెండు రోజులు టెన్షన్ పడి వదిలేస్తాం.

ఈ విషయాలు నేర్చుకోవడానికి మంచి డాక్యుమెంటరీలను మించిన దారి నాకు కనిపించలేదు. పుస్తకాలు కావాలి, కాదనను, కానీ కౌంటర్ వెనక కూర్చున్న అధికారి గొంతు ఎలా ఉంటుందో, క్యూలో నిలబడ్డ తల్లి బిడ్డకి ఏం చెప్పి సముదాయిస్తుందో పుస్తకంలో అంత తేలిగ్గా పట్టుకోలేం. అయితే ఒక సినిమా పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుని పడుకుంటే నేర్చుకున్నట్టు కాదు. దీనికి కొంచెం పద్ధతి కావాలి, అదే ఇక్కడ చెప్తున్నాను.

ముందు మీ ఇంటి లెక్క రాయండి

సినిమా పెట్టకముందే ఒక నోట్‌బుక్ తీసుకుని మీ ఇంట్లో మూడు తరాలు వెనక్కి వెళ్లండి. ఎవరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు, అక్కడివాళ్లు వాళ్లని ఏమని పిలిచారు, అక్కడ ఉండటానికి చేతిలో ఏ కాగితం ఉండాల్సి వచ్చింది. ఈ నాలుగు ప్రశ్నలు చాలు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణలో బతుకుదెరువు దారులకి ఒక మాట ఉండనే ఉంది, మీ ఇంటి పెద్దలు ఆ మూడింటిలో ఏదో ఒకటి తొక్కే ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు కుటుంబాలైతే గల్ఫ్ కథ వస్తుంది. విశాఖ, శ్రీకాకుళం వైపు వాళ్లయితే రంగూన్ కథ రావచ్చు, జపాన్ బాంబులు పడ్డాక 1942లో అడవుల గుండా నడిచి వచ్చిన వేలమందిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

తరతరాలుగా ఈ ఊళ్లోనే ఉన్న కుటుంబమైతే ముల్కీ (అంటే స్థానికుడు) సంగతి అడగండి. నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనల్లో, సర్కారు కొలువుకి అర్హుడు కావాలంటే బయటినుంచి వచ్చినవాడు రాష్ట్రంలో 15 ఏళ్లు ఉండి తీరాలి. 1952లో నాన్ ముల్కీ గో బ్యాక్ అంటూ విద్యార్థులు రోడ్ల మీదకి వచ్చారు, సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఇదీ రేసిజమూ ఒకటే అని నేను అనడం లేదు. తమ ప్రాంతపు ఉద్యోగాలు తమ పిల్లలకి దక్కాలని అడగడం వేరు, ఒకరి ముఖం చూసి తరమడం వేరు. కానీ స్థానికుడంటే ఎవరో చట్టం రాస్తుందని, ఆ రాత మారుతూ ఉంటుందని తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. స్టడీ సర్టిఫికెట్ కోసం పాత స్కూలు చుట్టూ తిరిగిన ఎవరినడిగినా చెప్తారు.

ఈ లెక్క ఎందుకంటే, ఇది లేకుండా చూస్తే ప్రతి సినిమా ఎవరో పరాయివాళ్ల కష్టంలా కనిపిస్తుంది. అయ్యో పాపం అనుకోవడం దగ్గరే ఆగిపోతాం.

చూస్తున్నంతసేపూ రెండు విషయాల్ని వెంబడించండి

ఏ సినిమా పెట్టినా నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు కాగితం, కుడివైపు చూపు. కాగితం అంటే ఆ మనిషి గురించి చట్టం ఏం చెప్తోంది, చేతిలో ఏముంది, ఏది లేదు, ఎవరు ఇచ్చారు, ఎవరు లాక్కున్నారు. చూపు అంటే వీధిలో, బార్‌లో, ఎయిర్‌పోర్టులో, స్కూల్లో ఎదుటివాళ్లు ఆ మనిషిని ఏమనుకుంటున్నారు. చాలా సినిమాల్లో ఈ రెండూ పొసగవు, అసలు కథంతా అక్కడే ఉంటుంది.

మన ఊరి మనిషితోనే చెప్తాను. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపిన వ్యక్తి, అంతకుముందు ఆయన్నీ ఆయన స్నేహితుణ్ణీ మీరు ఏ వీసా మీద ఉన్నారని నిలదీశాడు. కాగితం సక్రమంగానే ఉంది. చదువు, ఉద్యోగం, వీసా అన్నీ ఉన్నాయి. అయినా మా దేశం నుంచి పొండి అని అరిచి కాల్చాడు, తర్వాత ఇంకో చోట తాను ఇరానియన్లని కాల్చానని చెప్పుకున్నాడు. అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిలోట్ అనే తెల్లజాతి యువకుడికీ తూటా తగిలింది. ఈ సంఘటనని మీ నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాయండి. కాగితం కింద ఏం రాస్తారు, చూపు కింద ఏం రాస్తారు, ఇయాన్‌ని ఎక్కడ రాస్తారు. ఇది రాయగలిగితే మిగతా సినిమాలన్నిటికీ పద్ధతి చేతికొచ్చినట్టే.

మొదటి వారం: చిన్న సినిమాతో మొదలుపెట్టండి

ముందే మూడు గంటల సినిమా పెట్టొద్దు, ఇంట్లోవాళ్లు రెండోసారి కూర్చోరు. ఫిల్మ్స్ డివిజన్ 1967లో తీసిన 'ఐ యామ్ 20' పెట్టండి, దర్శకుడు ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే పుట్టి ఇరవై ఏళ్లు నిండిన కుర్రాళ్లని, అమ్మాయిల్ని కూర్చోబెట్టి ఈ దేశం మీకు ఏమిటి అని అడిగిన సినిమా ఇది. ఇరవై నిమిషాల లోపే అయిపోతుంది, యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఒకరు దేశాన్ని ప్రేమిస్తున్నాననే అంటారు, ఇంకొకరు నాకేం సంబంధం అన్నట్టు మాట్లాడతారు, ప్రభుత్వ సంస్థ తీసిన సినిమాలో ఇంత తెరిచిన మాట వినడం ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అయిపోగానే ఇంట్లో ఉన్న ఇరవై ఏళ్లవాళ్లని అదే ప్రశ్న అడగండి, డెబ్బై దాటినవాళ్లనీ అడగండి. మధ్యలో దిద్దొద్దు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి.

రెండో వారం: రేస్ అంటే ఏమిటో కుదురుగా నేర్చుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. మనలో చాలామందికి రేస్ అంటే రక్తంలో ఉండే తేడా అనే నమ్మకం గట్టిగా ఉంది. తెల్లగా ఉంటే మంచిదన్న ఆలోచన పెళ్లిసంబంధాల దాకా పాకింది కదా. దీన్ని ఓపిగ్గా విప్పి చూపించే సిరీస్ 'రేస్: ది పవర్ ఆఫ్ యాన్ ఇల్యూజన్', అమెరికాలో పీబీఎస్‌లో 2003లో వచ్చింది, మూడు భాగాలు. మొదటి భాగంలో రకరకాల రంగుల విద్యార్థులు తమ డీఎన్‌ఏ పోల్చుకుంటారు, తమకి దగ్గరగా ఎవరుంటారో ముందు ఊహిస్తారు, తీరా చూస్తే ఊహలు తప్పుతాయి. పిల్లలున్న ఇంట్లో ఆ భాగం తప్పకుండా చూడండి, వాళ్లు అడిగే ప్రశ్నలు మనకంటే సూటిగా ఉంటాయి.

అయితే మనకి అసలు కావాల్సింది మూడో భాగం. అందులో ఇద్దరు మనుషుల కోర్టు కేసులు వస్తాయి. 1790 నాటి అమెరికా చట్టం స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్లకే పౌరసత్వం అంది. జపాన్ నుంచి వెళ్లిన తకావో ఒజావా, నా ఒళ్లు తెల్లగానే ఉంది కదా అన్నారు. 1922లో సుప్రీంకోర్టు, ఒంటి రంగు కాదు లెక్క, అప్పటి శాస్త్రవేత్తల వర్గీకరణలో కాకేసియన్ జాతి అయి ఉండాలి అంది. మూడు నెలలు దాటిన కొద్ది రోజులకే 1923 ఫిబ్రవరిలో పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థిండ్ కేసు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. శాస్త్రం ప్రకారం నేను కాకేసియన్‌నే అని వాదించారు. అదే కోర్టు, అదే న్యాయమూర్తి జార్జ్ సదర్లాండ్, ఈసారి శాస్త్రం సంగతి వదిలేయండి, మామూలు మనిషి దృష్టిలో మీరు తెల్లవారు కాదు అన్నారు. ముందు కాగితం మీద ఒక నియమం, అది అడ్డొచ్చాక చూపు మీద ఇంకో నియమం. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర కూడా దాన్ని వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. థిండ్‌కి చివరికి 1936లో వచ్చింది, అదీ యుద్ధంలో పనిచేసినవాళ్ల కోసం చేసిన వేరే చట్టం కింద.

ఈ భాగం చూశాక తారీఖుల పేజీ ఒకటి పెట్టుకోండి. 1790, 1922, 1923 రాయండి. తర్వాత 1946, ఆ ఏడు భారతీయులకి పౌరసత్వ హక్కుతో పాటు ఏడాదికి 100 మందిని రానిచ్చే కోటా ఇచ్చారు. 1965, దేశాలవారీ పాత కోటాలు పోయిన ఏడు, మన డాక్టర్లూ ఇంజినీర్లూ వెళ్లడానికి తలుపు తెరుచుకున్నది అప్పుడే. ఇప్పుడు ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, అందులో ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న పరిమితి. మీ పిల్లల ప్రయారిటీ డేట్ ఎందుకు కదలదో ఆ 7 శాతంలో ఉంది.

1965 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ చట్టం ఊరికే రాలేదు. నల్లజాతివాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి, ప్రాణాలిచ్చి నడిపిన పౌరహక్కుల ఉద్యమం 1964లో పౌరహక్కుల చట్టాన్ని తెచ్చింది, రంగు చూసి మనుషుల్ని వేరు చేయడం తప్పు అన్న మాటని దేశం ముందు పెట్టింది, ఆ వేడిలోనే వలస చట్టమూ మారింది. మనవాళ్లు విమానం ఎక్కింది వాళ్లు వేసిన దారి మీద. అమెరికాలో ఉన్న మన బంధువుల నోట నల్లవాళ్ల గురించి వచ్చే చిన్నచూపు మాటలు విన్నప్పుడల్లా నాకు ఇది చెప్పాలనిపిస్తుంది, చెప్తాను కూడా. అందుకని పిల్లల్ని అమెరికా పంపబోయే ప్రతి తల్లీ తండ్రీ 'ఐస్ ఆన్ ద ప్రైజ్' సిరీస్‌లో కనీసం రెండు మూడు భాగాలు చూడాలి. మొత్తం 14 భాగాలు, 1987లో మొదలైంది. అంత ఓపిక లేకపోతే రౌల్ పెక్ తీసిన 'ఐ యామ్ నాట్ యువర్ నీగ్రో' చూడండి, నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ పూర్తి చేయకుండా వదిలిన రాతప్రతి మీద 2016లో తీశారు. మెడ్గర్ ఎవర్స్, మాల్కం ఎక్స్, మార్టిన్ లూథర్ కింగ్, ముగ్గురూ బాల్డ్విన్ మిత్రులు, ముగ్గురూ హత్యకి గురైనవాళ్లే.

మూడో వారం: ఒకే సంఘటనని అన్ని వైపుల నుంచి

'హూ కిల్డ్ విన్సెంట్ చిన్?' 1987లో క్రిస్టీన్ చోయ్, రెనీ తజిమా-పేన్యా తీసిన సినిమా. 1982లో డెట్రాయిట్‌లో విన్సెంట్ చిన్ అనే చైనీస్ మూలాలున్న యువకుణ్ణి ఇద్దరు తెల్లవాళ్లు బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి చంపారు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న రోజులు, ఉద్యోగాలు జపాన్ కార్ల వల్లే పోతున్నాయన్న కోపం ఊరంతా ఉంది. చనిపోయింది చైనీస్ కుటుంబం పెంచిన బిడ్డ, కోపమేమో జపాన్ మీద. ఆ ఇద్దరికీ కోర్టు వేసింది మూడేళ్ల ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. జైలు లేదు.

ఈ సినిమా గొప్పతనం ఏమిటంటే చంపిన మనిషిని కూడా తీరిగ్గా మాట్లాడనిస్తుంది. చూస్తుంటే ఒళ్లు మండుతుంది, కానీ వినండి. ఆయన తనని తాను ఎలా చెప్పుకుంటున్నారు, పొరుగువాళ్లు ఏమంటున్నారు, విన్సెంట్ తల్లి లిలీ ఎలా అడుగుతున్నారు. చూశాక మీ నోట్‌బుక్ మొదటి పేజీ తీసి ఒలేతా సంఘటన పక్కన పెట్టుకోండి. ఒకచోట చైనీస్ మనిషి జపనీయుడైపోయాడు, ఇంకోచోట తెలుగు మనిషి ఇరానియన్ అయిపోయాడు. మధ్యలో 35 ఏళ్లు. చూపు అనే గడిలో రాయాల్సింది ఇదే. ఎవరిని చూస్తున్నాడో చూసేవాడికి అక్కర్లేదు, ఆ ఏడు ఎవరి మీద కోపమో ఆ ముఖమే కనిపిస్తుంది.

నాలుగో వారం: సరిహద్దులు, క్యాంపులు

ఇక్కడ రెండు సినిమాలు జోడీగా చూడండి, ఒకటి బయటివాళ్లు తీసింది, ఒకటి పారిపోతున్నవాళ్లే తీసుకున్నది. జాన్‌ఫ్రాంకో రోజీ తీసిన 'ఫైర్ ఎట్ సీ' ఇటలీకి చెందిన లాంపెదూసా దీవి గురించి, 2016లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది. వెనక నుంచి ఏ గొంతూ వివరించదు. ఒకవైపు ఊళ్లో పిల్లాడు ఉండేలుతో ఆడుకుంటాడు, ఇంకోవైపు సముద్రంలోంచి పడవల్లో మనుషుల్ని ఎత్తుకొస్తారు. నెమ్మదిగా ఉందని మధ్యలో ఆపేయకండి, ఆ నెమ్మదిలోనే విషయం ఉంది. రెండోది 'మిడ్‌నైట్ ట్రావెలర్', 2019. తాలిబాన్ తన తల మీద వెల కట్టడంతో అఫ్గాన్ దర్శకుడు హసన్ ఫజిలీ భార్యనీ ఇద్దరు కూతుళ్లనీ తీసుకుని పారిపోతూ మూడు మొబైల్ ఫోన్లతో తీసిన సినిమా. అందులో ఒక చోట చిన్న కూతురు కనిపించకుండా పోతుంది. వెతుకుతున్న తండ్రికి ఇది సినిమాకి మంచి సీన్ అవుతుందన్న ఆలోచన వస్తుంది, ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసిందని ఆయనే చెప్తాడు. కెమెరా పట్టుకోవడం అంటే ఏమిటో నాకు తెలిసి ఇంతకంటే నిజాయితీగా చెప్పిన చోటు లేదు.

రెండూ అయ్యాక ఇంట్లో ఈ ప్రశ్నలు వేయండి. ఎవరు మాట్లాడారు, ఎవరి గురించి మాత్రమే మాట్లాడారు? ఎవరికి పేరు ఉంది, ఎవరు గుంపుగానే మిగిలారు? సంగీతం ఎక్కడ పెట్టారు, తీసేస్తే ఆ సీన్ అలాగే ఉంటుందా? డాక్యుమెంటరీ నిజం చూపిస్తుంది గానీ కొంత ఎంచుకుని చూపిస్తుంది. ఏవా డువెర్నే తీసిన '13త్' ఇంకో రకం, అది గట్టిగా వాదించే సినిమా. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ సవరణలో నేరానికి శిక్షగా తప్ప అన్న మాట ఉంది, ఆ మినహాయింపు నుంచి నేటి జైళ్ల దాకా గీత గీస్తుంది. అలాంటి సినిమాని ఇరవై నిమిషాలకోసారి ఆపి, ఇప్పటిదాకా ఏమని వాదించింది, రుజువేమిటి అని రెండు వాక్యాలు రాయండి. తర్వాత ఆ సవరణ పాఠం మీరే వెతికి చదవండి, చాలా చిన్నది.

అధికారుల వైపు నుంచి చూడాలంటే 2020లో వచ్చిన 'ఇమిగ్రేషన్ నేషన్', ఆరు భాగాలు. అమెరికా ఇమిగ్రేషన్ ఏజెంట్ల వెంటే కెమెరా తిరుగుతుంది. తలుపు తట్టేవాళ్లు కూడా పిల్లల తండ్రులే అని కనిపిస్తుంది, వాళ్ల పని వల్ల ఏం విరిగిపోతోందో కూడా కనిపిస్తుంది.

గల్ఫ్ సినిమా మాత్రం గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లతో చూడండి

ఖతార్‌లో ప్రపంచకప్ కోసం పనిచేసిన కార్మికుల మధ్య జరిగిన ఫుట్‌బాల్ పోటీ మీద 'ది వర్కర్స్ కప్' అనే సినిమా ఉంది, ఆడమ్ సోబెల్, 2017. ఘనా, కెన్యా, నేపాల్, ఇండియా కుర్రాళ్లు ఒకే క్యాంపులో ఉంటారు. ఇది ఒంటరిగా చూస్తే సగమే అర్థమవుతుంది. కఫీల్ (అక్కడ పనికి పెట్టుకునే స్పాన్సర్) అంటే ఏమిటో, పాస్‌పోర్ట్ యజమాని దగ్గర ఉంటే రాత్రిళ్లు ఎలా ఉంటుందో, కల్లివెల్లి అయిపోయి (యజమానిని వదిలి కాగితాల్లేకుండా మిగిలిపోయి) క్షమాభిక్ష కోసం ఎదురుచూడటమంటే ఏమిటో తెలిసినవాళ్లు మన చుట్టాల్లోనో మన కాలనీలోనో ఉంటారు. వాళ్లని పిలవండి, చాయ్ పెట్టండి, రిమోట్ వాళ్ల చేతికి ఇచ్చి ఎక్కడ కావాలంటే అక్కడ ఆపమనండి. బలవంతంగా కథ చెప్పించొద్దు. సినిమా నడుస్తుంటే వాళ్లంతట వాళ్లే ఇది మా దగ్గర ఇలా కాదు అంటారు, అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.

దేశం లేకుండా పోయినవాళ్లు

నా దృష్టిలో ఇది అన్నిటికంటే కష్టమైన భాగం, అందుకే చివరికి పెట్టాను. మిషెల్ స్టీఫెన్‌సన్ తీసిన 'స్టేట్‌లెస్' 2020లో వచ్చింది. అదే పేరుతో అదే ఏడు ఒక ఆస్ట్రేలియా డ్రామా సిరీస్ కూడా వచ్చింది కాబట్టి దర్శకురాలి పేరు కలిపి వెతకండి. డొమినికన్ రిపబ్లిక్‌లో 2013లో ఒక కోర్టు తీర్పు, హైతీ మూలాలున్నవాళ్ల పౌరసత్వాన్ని 1929 నుంచి వెనక్కి లెక్కపెట్టి తీసేసింది. అక్కడే పుట్టి, అక్కడి భాషే మాట్లాడుతూ, అక్కడే ముసలివాళ్లైన మనుషులు ఒక్క రోజులో పరాయివాళ్లయ్యారు. కాగితం గడిలో రాయడానికి ఇంతకంటే స్పష్టమైన సినిమా ఉండదు.

రోహింగ్యాల గురించి 'మిడ్‌వైవ్స్', 2022, బర్మా దర్శకురాలు స్నో నిన్ ఈ లైంగ్ తీసింది. బర్మాలోని రఖైన్‌లో ఒక బౌద్ధ మంత్రసాని, ఆమె దగ్గర పని నేర్చుకునే రోహింగ్యా యువతి. ఒకరి మీద ఒకరికి ఆధారం ఉంది, చిరాకూ ఉంది, ప్రేమా ఉంది, బయట సైన్యం ఉంది. బర్మా 1982 పౌరసత్వ చట్టం గురించి ముందు కాస్త చదివి ఈ సినిమా చూడండి. అదే బర్మాలో ఒకప్పుడు మన తెలుగువాళ్లూ బతికారు, 1960ల్లో సైనిక ప్రభుత్వం దుకాణాలూ ఆస్తులూ స్వాధీనం చేసుకున్నప్పుడు కట్టుబట్టలతో వచ్చారు, విశాఖలో బర్మా క్యాంప్ అలా వచ్చిందే. ఇది చూసి బాలాపూర్ వెళ్లి రోహింగ్యాల్ని చూసొద్దాం అని మాత్రం బయలుదేరకండి. వాళ్ల ఇళ్లు మన పాఠం కోసం లేవు. సాయం చేయాలనుకుంటే అక్కడ ముందునుంచీ పనిచేస్తున్నవాళ్లని అడిగి, వాళ్లు చెప్పిన పని చేయండి.

కులాన్ని పక్కన పెట్టి ఇది పూర్తి కాదు

అమెరికాలో రేసిజం చూసి బాధపడే మనం మన ఇంట్లో కులం దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తాం. రేసూ కులమూ ఒకటి కావు, ఎలా వేరో కూడా నేర్చుకోవాలి, కానీ కులాన్ని తప్పించుకుని దేశమంటే ఏమిటో ఇక్కడ అర్థం కాదు. ఆనంద్ పట్వర్ధన్ 14 ఏళ్లు తీసిన 'జై భీమ్ కామ్రేడ్' 2011లో వచ్చింది, సుమారు మూడు గంటలు ఉంటుంది, రెండు రోజుల్లో చూడండి. 1997లో ముంబై రమాబాయి కాలనీలో పోలీసు కాల్పుల్లో పదిమంది దళితులు చనిపోయారు, ఆ బాధతో గాయకుడు విలాస్ ఘోగ్రే ప్రాణం తీసుకున్నాడు, అక్కడినుంచి సినిమా పాటల వెంట నడుస్తుంది. ఇది చూశాక ఇంట్లో కొంచెం గొడవ కావచ్చు. కానివ్వండి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసిందని కూడా అప్పుడే చెప్పండి. మనం సూట్‌కేసులో ఆవకాయ ఒక్కటే తీసుకెళ్లలేదు.

సర్దుబాట్ల సంగతులు కొన్ని

సబ్‌టైటిల్స్ తెలుగులో చాలావాటికి ఉండవు. యూట్యూబ్‌లో అయితే సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్స్ కింద ఆటో ట్రాన్స్‌లేట్ ఎంచుకుంటే తెలుగు వస్తుంది, తప్పులుంటాయి, కోర్టు మాటలు వచ్చిన చోట నమ్మకండి. అంతకంటే ఇంట్లో ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి పదేసి నిమిషాలకి ఆపి అమ్మమ్మకి చెప్పమనడం మంచిది, చెప్పే క్రమంలో వాళ్లకీ ఎక్కుతుంది. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందన్నది తరచూ మారుతుంది, ఒకచోట లేకపోతే దర్శకుల సొంత వెబ్‌సైట్ చూడండి, అద్దెకి దొరుకుతాయి. టెలిగ్రామ్‌లో దొంగ కాపీలు దించుకోవద్దు, ఇలాంటి సినిమాలు తీసేవాళ్లకి వచ్చేదే తక్కువ. అపార్ట్‌మెంట్ హాల్లో, కాలేజీలో వేయాలంటే ముందే అనుమతి కోసం మెయిల్ రాయండి. బంజారాహిల్స్‌లోని లామకాన్, హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్, గోథె సెంట్రమ్, అలయన్స్ ఫ్రాన్సేజ్ కార్యక్రమాల మీద ఒక కన్నేసి ఉంచండి, పదిమంది మధ్య చూసి మాట్లాడుకోవడం వేరుగా ఉంటుంది. విన్సెంట్ చిన్, '13త్' లాంటివి చిన్నపిల్లలతో వద్దు, నిజమైన హింస ఉంటుంది.

మాట్లాడుకునేటప్పుడు ఒక్క నియమం పెట్టుకోండి: సినిమాలో ఏం చూశారో ముందు చెప్పాలి, అభిప్రాయం తర్వాత. మామూలుగా మనం అభిప్రాయంతో మొదలుపెట్టి వాట్సాప్ ఫార్వర్డ్‌తో ముగిస్తాం, దాంతో పక్కన కూర్చున్న కోడలో, కాలేజీ పిల్లో నోరు తెరిచే సందు ఉండదు.

చివరగా మీ ఊరిని మీరే రికార్డు చేయండి

ఇన్ని చూశాక ఊరు వేరేగా కనిపిస్తుంది. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్‌లో, నిజాం ఆఫ్రికన్ అశ్వికదళంలో పనిచేసిన సిద్దీల వారసులున్నారు. బార్కస్‌లో యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులున్నారు. పెళ్లిళ్లలో మనం ఎగిరే మర్ఫా డప్పుల సంగీతం ఈ రెండు వర్గాలవాళ్లూ తెచ్చిందే. ఇవాళ ఆఫ్రికా విద్యార్థికి ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడే ఊరు, అప్పట్లో ఆఫ్రికా మనుషుల్ని పాలకుడి కాపలాకి పెట్టుకున్న ఊరే. ఇది ఇంట్లో ఒకసారి చెప్పి చూడండి.

తర్వాత మీరు మొదట రాసుకున్న ఇంటి లెక్కలోంచి ఒక పెద్దమనిషిని ఎంచుకోండి. ఫోన్‌ని అడ్డంగా పెట్టి దేనికైనా ఆనించండి, ఫ్యాన్ ఆపేయండి, కుక్కర్ విజిల్ వినిపించని గది చూసుకోండి. ఇది ఎందుకు తీస్తున్నారో, ఎవరికి చూపిస్తారో ముందే చెప్పి సరే అన్నాకే మొదలుపెట్టండి. ఆ నాలుగు ప్రశ్నలే అడగండి. పాత పాస్‌పోర్టో, రేషన్ కార్డో, గల్ఫ్ బతాకానో (గుర్తింపు కార్డు) ఉంటే చేతిలో పెట్టి దాని గురించి చెప్పమనండి, కాగితం చేతిలో ఉంటే జ్ఞాపకాలు వరసగా వస్తాయి. మౌనంగా ఉంటే ఉండనివ్వండి, వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. అయిపోయాక తారీఖు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఫైల్‌తో పాటు రాసి రెండు చోట్ల దాచండి. ఇది బయట పెట్టొద్దు అన్న మాట ఏదైనా ఉంటే అది తీసేసి, మిగిలిన దాని కాపీ ముందు వాళ్లకే ఇవ్వండి.